కనురెప్ప వెంట్రుకలు

మైక్రోస్కోపులో మొదటిసారి కన్ను పెట్టిన పిల్లలకు కనిపించేది కణం కాదు, తమ కనురెప్ప వెంట్రుకలు. నేను ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. కొత్త బ్యాచ్ ల్యాబ్‌లోకి వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. అగ్గిపుల్ల వెనక కొనతో బుగ్గ లోపల గీకి, ఆ తడిని స్లైడు మీద రాసి, మెథిలీన్ బ్లూ అనే నీలి రంగు చుక్క వేసి, కవర్‌స్లిప్పును సూదితో వాలుగా దించి, గొట్టంలోకి తొంగిచూడగానే "సార్, కనిపించింది సార్! నల్లగా, వంకర వంకరగా గీతలు!" అని కేక. కొందరైతే రికార్డులో బొమ్మ కూడా గీసేసేవారు. "ఓసారి రెప్ప ఆర్పి చూడు, ఆ గీతలు కూడా ఆడుతున్నాయేమో" అంటే అప్పుడు నాలిక కరుచుకునేవారు.

రిటైరయ్యాక ఈ సంగతి మళ్లీ గుర్తుకు రావడం మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పుణ్యం. అందులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. 19వ శతాబ్దపు అమెరికన్ మిలిటరీ డాక్టరొకాయన యుద్ధంలో చావులు చూసి చలించిపోయి, వైద్యం వదిలేసి, దేవుని సేవలోకి వచ్చి, మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖలో పాస్టరయ్యాడట. కింద ఆమెన్ అని టైప్ చేయాలట. పంపినవాడు మాతో చదివి ఇప్పుడు పాస్టరుగా ఉన్న మిత్రుడు. అయిదు నిమిషాలు కాకుండానే ఇంకొకడు, కాలేజీ రోజుల నుంచీ హేతువాద సభలకు తిరిగినవాడు, "చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదిగో సాక్ష్యం" అని పెట్టాడు. ఇక మొదలు. అరవై దాటిన మనుషులు రాత్రి పదకొండు దాకా ఒకరినొకరు ఒరే అనుకుంటూ కొట్టుకున్నారు. ఇద్దరికీ బీపీ ఉంది, నాకు అదో టెన్షన్.

ఫార్వర్డులో ఉన్న పేరు జోసెఫ్ హెన్రీ వైథ్. ఆ పేరు నాకు కొత్త కాదు. ఆయన మైక్రోస్కోపు వాడటం నేర్పే పుస్తకం రాశాడు. ఫార్వర్డ్ చేసినవాడూ, తిట్టినవాడూ ఇద్దరూ ల్యాబ్‌లో నా పక్కన నిలబడి పారమీషియం అనే ఏకకణ జీవిని చూసినవాళ్లే. ఒక్కడికీ ఆ పుస్తకం సంగతి తెలీదు.

ముందు ఆ 'వదిలేసి' అన్న మాట సంగతి చూద్దాం. అది తప్పు. వైథ్ 1822లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టాడు. బట్టల మిల్లుల ఊరు, పొగ గొట్టాల ఊరు. అమెరికా వెళ్లాక కుర్రవయసులోనే మెథడిస్టు ప్రబోధకుడయ్యాడు. వైద్యం ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో చదివాడు. 1850ల మొదట్లోనే ఆ మైక్రోస్కోపు పుస్తకం అచ్చయింది. 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం వచ్చాక ఉత్తరాది సైన్యంలో వాలంటీరు దళాల సర్జన్‌గా పనిచేశాడు. యుద్ధం అయిపోయిన 1865లోనే ఎక్కడో పడమటి కొసన ఉన్న ఆరెగన్ రాష్ట్రంలో, సేలం పట్నంలో, మెథడిస్టులు నడిపే విల్లమెట్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అక్కడ ఉన్నది రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఏం చేశాడయ్యా అంటే వైద్య విభాగం పెట్టించాడు. ఆ రాష్ట్రంలో మొదటి మెడికల్ కాలేజీ అదే. తర్వాత కాలిఫోర్నియా వెళ్లి, చర్చిలో ప్రసంగాలూ, శాన్‌ఫ్రాన్సిస్కో మెడికల్ కాలేజీలో మైక్రోస్కోపు పాఠాలూ రెండూ చెప్పాడు. 1901లో పోయాడు. ఇందులో వైద్యం వదిలేసింది ఎక్కడ? పాస్టరుగా ఉంటూనే డాక్టరయ్యాడు, డాక్టరుగా ఉంటూనే పాస్టరుగా కొనసాగాడు. వదిలేశాడని చెబితే త్యాగం కనిపిస్తుంది, త్యాగం కనిపిస్తే ఆమెన్లు పడతాయి. అంతే.

మెథడిస్టుల్లో ఇది వింత కూడా కాదు. ఆ శాఖను మొదలుపెట్టిన జాన్ వెస్లీయే సగం వైద్యుడు. 1746లో లండన్‌లో పేదలకు ఉచితంగా మందులిచ్చే డిస్పెన్సరీ పెట్టాడు. మరుసటి ఏడాది 'ప్రిమిటివ్ ఫిజిక్' అనే చిట్కాల పుస్తకం వేశాడు. డాక్టరు ఫీజు పెట్టుకోలేని కూలీవాళ్ల కోసం, ఇంట్లో దొరికే సరుకుతో చేసుకునే వందల కొద్దీ వైద్యాలు. బట్టతలకు ఆయన చెప్పిన మందేమిటో తెలుసా? ఉల్లిపాయతో నెత్తి ఎర్రబడేదాకా రుద్ది, ఆపైన తేనె రాయమన్నాడు. ఉల్లిరసం జుట్టుకు మంచిదని ఈరోజు యూట్యూబులో చెప్పేవాళ్లకు పద్దెనిమిదో శతాబ్దపు పాదిరి ఒకాయన ముత్తాత అవుతాడని తెలీదు. కరెంటు షాకులతో వైద్యం కూడా చేశాడు, యంత్రాలు తెప్పించి మరీ. అందులో సగం పనికిరానివే కావచ్చు. కానీ ఒంటి జబ్బు డాక్టరుది, ఆత్మ జబ్బు పాదిరిది అని గీత గీసుకునే అలవాటు వాళ్లకు మొదటినుంచీ లేదు. అమెరికాలో గుర్రాల మీద ఊరూరూ తిరిగిన మెథడిస్టు ప్రబోధకుల జీను సంచుల్లో బైబిలుతో పాటు అమ్మకానికి పుస్తకాలుండేవి. పైగా బదిలీలు. 1804 నుంచి రెండేళ్లకు మించి ఒకే చోట ఉండకూడదని నియమం, 1864లో దాన్ని మూడేళ్లు చేశారు. మా వైపు చర్చి అయ్యగార్లకు ఇప్పటికీ బదిలీలుంటాయి. కొత్త అయ్యగారి ట్రంకు పెట్టెలు ట్రాక్టరు మీంచి దిగడం నా చిన్నతనంలో పెద్ద వేడుక. డాక్టరో, టీచరో అయిన పాదిరి ఏ కొత్త ఊరికి వెళ్లినా రెండో రోజు నుంచే పనికొస్తాడు. వైథ్ బతుకంతా ఊళ్లు మారడమే. ఎక్కడికెళ్లినా వెంట ఆ రెండు పనులూ వెళ్లాయి.

ఇక హేతువాది మిత్రుడి మాట. చదివి మతి పోగొట్టుకున్నాడని. దానికి ముందు ఆ చదువు ఎలాంటిదో చూడాలి.

1850లో అమెరికాలో డాక్టరు డిగ్రీ అంటే నాలుగు నెలల ఉపన్యాసాలు. మరుసటి ఏడాది మళ్లీ నాలుగు నెలలు, మళ్లీ అవే ఉపన్యాసాలు. రెండోసారి వింటే బుర్రకెక్కుతుందని. చాలామంది ఒక్క రోగిని కూడా ముట్టుకోకుండా పట్టా తెచ్చుకునేవారు. అలాంటివాళ్లు వేలమంది యుద్ధంలోకి వెళ్లారు. ఆ నాలుగేళ్లలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. మూడింట రెండు వంతుల మంది గుండు తగిలి కాదు, జబ్బు చేసి. విరేచనాలు, టైఫాయిడ్, మలేరియా. ఉత్తరాది సైన్యం లెక్కల్లోనే మలేరియా కేసులు పది లక్షలు దాటాయి.

ఆ ఆపరేషన్ గుడారం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. తలుపు ఊడదీసి రెండు పీపాల మీద పరిస్తే అదే బల్ల. క్లోరోఫారం ఉంది, నొప్పి తెలియదు, అందుకు సంతోషించాలి. కానీ పక్కన ఒక బకెట్. అందులో నీళ్లు, నీళ్లలో స్పంజి. ఒకడి తొడ మీద నెత్తురు తుడిచి, బకెట్లో ముంచి పిండి, అదే స్పంజితో రెండోవాడి చెయ్యి తుడుస్తారు. మధ్యాహ్నానికి ఆ నీళ్లు ఎర్రగా, చిక్కగా. కత్తి పళ్ల మధ్య పట్టుకుని రంపం అందుకునే సర్జన్లు. చేతులు కడుక్కోవడం ఆపరేషన్ అయ్యాక, భోజనానికి ముందు. నాలుగో రోజు పుండులో చిక్కటి చీము పడితే 'మంచి చీము, మానుతోంది' అని సంతోషం. ఇది నిర్లక్ష్యం కాదు. అప్పటి చదువు నేర్పింది అదే.

మందుల సంగతి ఇంకా ఘోరం. పాదరసంతో చేసే కాలోమెల్ దేనికైనా ఇచ్చేవారు. మోతాదు మించితే చొంగ ఆగకుండా కారి, చిగుళ్లు కుళ్లి, పళ్లు రాలేవి. 1863లో సైన్యం డాక్టర్లందరికీ పెద్ద, సర్జన్ జనరల్ విలియం హామండ్ దాన్ని సైన్యం మందుల జాబితాలోంచి తీసేశాడు. డాక్టర్లు తిరగబడ్డారు. మా చేతిలో మందు లాక్కోవడానికి నువ్వెవరని. పై అధికారులతో కూడా పడక 1864లో కోర్టు మార్షల్ చేసి హామండ్‌నే ఇంటికి పంపేశారు. ఇదే హామండ్ ఆర్మీ మెడికల్ మ్యూజియం పెట్టించి, ఊరికే కోసి పారేయకండి, నమూనాలు దాచి పంపండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అన్నవాడి గతి అది.

ఆ సైన్యంలోనే, చూడటం ఎలాగో పుస్తకమే రాసిన సర్జన్ ఒకడున్నాడు. వైథ్.

నా వాదన అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. ఆయన పుస్తకం పేరు 'ది మైక్రోస్కోపిస్ట్'. ఎవరి కోసం రాశాడో అట్ట మీదే చెప్పుకున్నాడు: వైద్యులకు, విద్యార్థులకు, ప్రకృతి శాస్త్రాన్ని ప్రేమించే వారందరికీ. విశ్వాసులకు అని లేదు. అప్పటికి మంచి మైక్రోస్కోపు వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు కటకాల్లో ప్రతి వస్తువు చుట్టూ ఇంద్రధనుస్సు అంచు ఉండేది, అసలేదో మాయేదో తెలిసేది కాదు. లండన్‌లో ద్రాక్షసారా వ్యాపారి జోసెఫ్ జాక్సన్ లిస్టర్, క్వేకరు అనే క్రైస్తవ శాఖ భక్తుడు, తీరిక వేళల్లో కటకాల లెక్కలు కట్టి 1830లో ఆ రంగుల దోషం వదిలించే దారి చూపించాడు. ఆ వ్యాపారి కొడుకే జోసెఫ్ లిస్టర్. 1867లో కార్బాలిక్ ఆసిడ్‌తో పుండు కడిగి, సర్జరీని మార్చేసినవాడు. తండ్రి అద్దం చేశాడు, ముప్పై ఏడేళ్లకు కొడుకు చీము మంచిది కాదన్నాడు.

ఆ ముప్పై ఏడేళ్ల మధ్యలో పడింది అమెరికా యుద్ధం. మరి వైథ్ లాంటివాళ్లకు అద్దం ఉంది కదా, బకెట్ నీళ్లలో ఏముందో ఎందుకు చూడలేదు? చూడలేక కాదు. బ్యాక్టీరియా అనే పేరు యుద్ధానికి ముందే ఉంది. నీళ్లలో, కుళ్లిన మాంసంలో అవి కదలడం చాలామంది చూశారు. కుళ్లు ఉన్నచోట పురుగులుంటాయి, అందులో వింతేముంది అనుకున్నారు. కుళ్లుకు అవే కారణమేమో అని అడిగినవాళ్లు తక్కువ. నా విద్యార్థులు కనురెప్ప వెంట్రుకల్ని కణం అనుకున్నారు. వీళ్లు హంతకుణ్ని చూసి, ఇతను చావు ఇంటికి వచ్చిన బంధువు అనుకున్నారు.

ఇందుకు వైథ్‌ని నేను తప్పు పట్టను. తప్పు పట్టాల్సింది వేరే ఉంది. 1872లో ఆయన ఇంకో పుస్తకం వేశాడు, శాస్త్రానికీ దైవవాక్కుకీ పొత్తు కుదురుతుందని. 'ది అగ్రిమెంట్ ఆఫ్ సైన్స్ అండ్ రివెలేషన్'. డార్విన్ దెబ్బకు అదిరిన తరం అది. అలాంటి పుస్తకాలు అప్పట్లో బోలెడు. సృష్టిలో ఆరు రోజులంటే ఆరు యుగాలు, భూగర్భ శాస్త్రం చెప్పే పొరలు అవే, చూశారా సరిపోయింది అనే తరహా. 1889లో ఆత్మ శరీరధర్మం మీద కూడా ఒక పుస్తకం రాశాడు. నాకు ఈ రకం పుస్తకాలంటే ఓపిక లేదు. క్రైస్తవ ఇంట్లో పుట్టినవాణ్నే, ఆదివారం గుడికి వెళ్తాను, అయినా లేదు. బైబిల్లో రక్తప్రసరణ ఉందన్న ప్రసంగాలు విన్నాను. పక్క వీధిలో అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయన్న ఉపన్యాసాలూ విన్నాను. మైకు మార్చుకున్నా శ్రోతలకు తేడా తెలీదు. ఎవరో ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు చచ్చి కనిపెడితే, మర్నాడు పొద్దున్నే మన గ్రంథం తెరిచి ఇదిగో ముందే ఉంది అంటాం. ఆ ముందే ఉన్నది నిన్న ఎందుకు కనిపించలేదని అడిగితే కోపం.

ఆ కాలంలో ఈ గొడవకు మైక్రోస్కోపే రణరంగం. డార్విన్ తరఫున వాదించే ఇంగ్లిష్ శాస్త్రవేత్త హక్స్‌లీ 1868లో ఎడిన్‌బరోలో ఉపన్యాసమిస్తూ, ప్రాణానికి ఆధారం ప్రోటోప్లాజం అనే పదార్థమేనన్నాడు. లండన్‌లో లయొనల్ బీల్ అనే డాక్టరు కాదన్నాడు. ఆయన కార్మిన్ అనే ఎర్ర రంగు వాడేవాడు, కొచినీల్ పురుగుల్ని ఎండబెట్టి తీసే రంగు. కణజాలానికి అది పట్టిస్తే కొంత భాగం ఎర్రబడుతుంది, కొంత ఎర్రబడదు. ఎర్రబడింది సజీవం, మిగతాది అది కట్టుకున్న గూడు, అందులోని ప్రాణశక్తి రసాయనం లెక్కకు అందదు అన్నాడు. నిజానికి ఆ ఎర్రబడింది చాలావరకు కేంద్రకం. నా ల్యాబ్‌లో మెథిలీన్ బ్లూ పట్టే చుక్క కూడా అదే. కళ్ల ముందున్న ఎర్ర చుక్క నిజం. దాన్ని ఆత్మకు పొరుగింటిదాన్ని చేయడం కనురెప్ప వెంట్రుక. ప్రాణం పదార్థం మాత్రమే కాదన్న బీల్ వైపు జట్టులోనే నిలబడ్డాడు వైథ్.

అయినా ఆయన్ని ఆ పొత్తు పుస్తకంతో కొలవకూడదంటాను. మైక్రోస్కోపు పుస్తకంతో కొలవాలి. ఎందుకంటే ఆ రెంటికీ తేడా ఆయన చేతుల్లోనే తేలింది. మైక్రోస్కోపు పుస్తకం 1877లో మూడో కూర్పు, 1880లో నాలుగో కూర్పు వచ్చాయి. పాతికేళ్ల క్రితం పుస్తకానికి రసాయనం, ఖనిజాలు, జబ్బుపడ్డ కణజాలం అంటూ కొత్త అధ్యాయాలు చేరాయి. కొత్త పరికరం వస్తే పాత మాట కొట్టేయాలి, కొత్త రంగు వస్తే కొత్త బొమ్మ వేయాలి, అందులో పరువు తక్కువేమీ లేదు. చేతిపుస్తకం అంటేనే అది. పొత్తు పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. 1872 నాటి శాస్త్రంతో దేవుడి మాటను ముడేస్తే, 1890లో శాస్త్రం మారినప్పుడు దేవుణ్నేం చేస్తావు? మా పాస్టరు మిత్రుణ్ని నేను అడిగింది ఇదే. భక్తికి ఇబ్బంది హక్స్‌లీ వల్ల కాదురా, ఇలాంటి చుట్టరికాల వల్ల.

రెండో కారణం ఇంకా ముఖ్యం. పొత్తు పుస్తకం చదివినవాడు రచయిత చెప్పింది నమ్మాలి. మైక్రోస్కోపు పుస్తకం చదివినవాడు తానే చూడాలి. అద్దాన్ని కిటికీ వైపు ఎలా తిప్పాలి, గాలి బుడగని కణం అనుకోకుండా ఎలా ఉండాలి. అది తెలిసినవాడు రేపు రచయితనే తప్పు పట్టగలడు. అలా తప్పు పట్టగలిగే మనుషుల్ని తయారుచేసే పని ఒక పాదిరి జీవితమంతా చేశాడంటే, ఆయన ఆత్మ పుస్తకాన్ని నేను చూసీచూడనట్టు వదిలేస్తాను. మా హేతువాది జీవితంలో ఒక్క స్లైడూ తయారుచేసి ఎవరికీ చూపించలేదు, ఉపన్యాసాలు మాత్రం బోలెడు. ఈ మాట గ్రూపులో పెట్టలేదు. బీపీ సంగతి చెప్పాను కదా.

ఇక్కడితో ఆపితే వైథ్‌కి సన్మాన పత్రం అవుతుంది. ఆరెగన్ గురించి కూడా చెప్పాలి.

1865లో ఆయన సేలం వెళ్లేనాటికి అది తెల్లవాళ్ల ఊరు. ఖండం దాటే రైలు 1869 దాకా లేదు, అయినా జనం నిండిపోయారు. అంత సారవంతమైన లోయ అంత సులువుగా ఎలా ఖాళీగా దొరికింది? అది కలాపూయా అనే ఆదివాసీ ప్రజల లోయ. 1830 నుంచి మూడు నాలుగేళ్ల పాటు ఏటా వేసవిలో అక్కడ చలిజ్వరం వచ్చింది. అది మలేరియా. ఆ నేల మీద అంతకుముందు లేని జబ్బు. పదిమందిలో తొమ్మిది మంది దాకా పోయారని చరిత్రకారుల అంచనా. ఊళ్లకు ఊళ్లు, పాతిపెట్టేవాళ్లు కూడా లేక. 1834లో జేసన్ లీ నాయకత్వంలో మెథడిస్టు మిషనరీలు అడుగుపెట్టింది ఆ మిగిలిన కొద్దిమంది మధ్యకే. ఆదివాసీ పిల్లలకు బడి పెట్టారు. చేరిన పిల్లల్లో చాలామంది జబ్బులతో చనిపోయారు. బడి మూతపడింది. ఆ భవనాన్ని తెల్లవాళ్ల పిల్లల కోసం పెట్టిన ఆరెగన్ ఇన్‌స్టిట్యూట్ 1844లో కొనుక్కుంది. అదే తర్వాత విల్లమెట్ విశ్వవిద్యాలయమైంది. వైథ్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో కూడా ఆ పాత భవనం నిలబడే ఉంది, పక్కన 1867లో కొత్త ఇటుకల భవనం పూర్తయింది. వైద్య పాఠాలు మొదలైన ఆవరణలో, జ్వరంతో పోయిన పిల్లల బడి.

ఆ జ్వరానికి కారణం ఏమిటన్నదాని మీద అప్పట్లోనే రెండు మాటలుండేవి. తెల్లవాళ్లలో కొందరు, కొత్త నేలను నాగలితో దున్నితే లోపలి చెడ్డ గాలి లేచి జ్వరం తెచ్చిందన్నారు. మలేరియా అంటేనే చెడ్డ గాలి. అక్కడి మూలవాసులు ఆ మాట ఒప్పుకోలేదు. ఇది ఓడలో వచ్చింది, డామినిస్ అనే కెప్టెన్ ఓడ వచ్చాకే మొదలైందన్నారు. ఆ కెప్టెన్ కావాలని చేశాడా అంటే కాదు. కానీ జబ్బు బయటి మనుషులతో వచ్చిందన్న మాట వరకు చదువుకున్నవాళ్లకంటే వాళ్లే నిజానికి దగ్గరగా ఉన్నారు. మైక్రోస్కోపు లేదు, పుస్తకం లేదు. ముందు లేదు, ఓడ వచ్చింది, తర్వాత ఉంది. అది గమనించడానికి కళ్లు చాలు. వినడానికి మాత్రం చెవులు కావాలి, అవి లేకపోయాయి. మెడికల్ కాలేజీ పెట్టినవాళ్లూ, నేల ఎలా ఖాళీ అయిందో అడగనివాళ్లూ ఒకరే అన్నది మా పాస్టరు ఫార్వర్డులోనూ ఉండదు, హేతువాది పోస్టులోనూ ఉండదు.

మలేరియా పురుగును చివరికి చూసినవాళ్లు కూడా మిలిటరీ డాక్టర్లే. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం డాక్టరు లావెరాన్ ఒక సోల్జర్ నెత్తురు చుక్కలో, రంగు కూడా వేయని పచ్చి నెత్తురులో, తోకల్లాంటివి ఆడిస్తున్న ప్రాణిని చూశాడు. ఆ చూడటానికి మహా గొప్ప కటకమేమీ అక్కర్లేకపోయింది. కార్మిన్ కూడా అక్కర్లేదు. పదిహేనేళ్ల ముందు పది లక్షల సార్లు కాసిన జ్వరాల్లో ఎవరైనా ఆగి చూసి ఉంటే కనిపించేదేమో. రెండోవాడు మనకు తెలిసినవాడే, రొనాల్డ్ రాస్. సికింద్రాబాద్ కంటోన్మెంటు, 1897 ఆగస్టు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలు కుడితే దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల్ని కోసి చూసేవాడు. పంకా వేస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే కూర్చున్నాడు. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీస్‌కీ, అంటే కన్ను ఆనించే కటకానికీ, పగులు. ఆ పగిలిన ఐపీస్‌లోంచే ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాల్ని, అంటే మలేరియా పురుగునే, చూశాడు. అప్పటికి అమెరికా పడమటి తీరాన వైథ్‌కి 75 ఏళ్లు.

రాస్ పనిచేసిన ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్లాను. మా తాతముత్తాతలకు బాప్తిస్మమిచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ వేళ్లూనింది కూడా ఆ కంటోన్మెంటు ప్రాంతంలోనే. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర 1895లో మొదట వచ్చింది తిరుమలగిరి సోల్జర్లకు పాదిరిగా. రాస్ దోమలు కోసింది ఆ పక్కనే, రెండేళ్లకు. ఒకరికొకరు ఎదురుపడ్డారో లేదో గానీ, బస్సులో వెనక్కి వస్తూ పిల్లలకు ఆ ఇద్దరి కథా కలిపే చెప్పేవాణ్ని. సిలబస్‌లో ఒక్కటే ఉండేది.

ఇదంతా ఒక రాత్రి కూర్చుని గ్రూపులో టైప్ చేశాను. బొటనవేలు నొప్పి పుట్టింది. వైథ్ ఏమీ వదిలేయలేదనీ, మతీ పోలేదనీ, పొత్తు పుస్తకం పక్కన పెట్టి మైక్రోస్కోపు పుస్తకం చూడండనీ, కలాపూయా పిల్లల సంగతి కూడా రాశాను. రాత్రి పదకొండున్నరకు పంపాను. రెండు నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. పొద్దున లేచి చూస్తే పాస్టరు మిత్రుడి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ. దాని కిందే హేతువాది నుంచి కూడా సరిగ్గా అదే బొమ్మ.